గేటు దగ్గర ఆగిపోయిన పెద్దాయన: జంప్‌సీట్ మర్యాద, యూనియన్ విధేయత గురించి నా సమాధానం

తమ్ముడూ, చదివే మిగతావాళ్ళకు అర్థం కావాలి కాబట్టి ముందు నీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. నువ్వు అమెరికాలో ఒక రీజినల్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, చేరి ఎనిమిది నెలలైంది. ఇల్లు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, డ్యూటీ మొదలయ్యే బేస్ నెవార్క్‌లో. డ్యూటీ అయ్యాక వేరే కంపెనీ విమానంలో జంప్‌సీట్ (కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు సీటు) మీద ఇంటికి వెళ్దామని గేటు దగ్గరికి వెళ్తే, నీతోపాటు అరవైకి దగ్గరపడ్డ ఇంకో పైలట్ కూడా ఉన్నాడు. క్యాబిన్ నిండిపోయింది. కాక్‌పిట్‌లో రెండు జంప్‌సీట్లూ ఖాళీయే. కెప్టెన్ నిన్ను రమ్మన్నాడు, ఆయన్ని వెనక్కి పంపేశాడు. పైకి వెళ్ళాక, "అతను 1989లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ సమ్మెలో పికెట్ లైన్ దాటాడు, పేరు లిస్టులో ఉంది" అని నీతో అన్నాడు. అంటే మిగతావాళ్ళు సమ్మెలో ఉండగా అతను పనికి వెళ్ళాడని, అలాంటివాళ్ళ పేర్లు రాసుకున్న లిస్టులో ఉన్నాడని. నువ్వు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశావు. తప్పు చేశానా, రేపు నేను కెప్టెన్‌నైతే ఏం చెయ్యాలి అని అడిగావు. దానికి తోడు మీ కంపెనీ ఇంకో కంపెనీతో కలవబోతోందట, మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో "అవతలి కంపెనీ వాళ్ళకి జంప్‌సీట్ ఇవ్వొద్దు" అని పెట్టారట. దాని గురించి కూడా అడిగావు.

నేను ఇక్కడ ఇరవై నాలుగేళ్ళుగా ఎగురుతున్నాను, అందులో పదకొండేళ్ళు కెప్టెన్‌గా. మధ్యలో మా యూనియన్ జంప్‌సీట్ కమిటీలో కొన్నేళ్ళు పనిచేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను. నువ్వు సీటు తీసుకోవడం తప్పు కాదు, మాట్లాడకపోవడం కూడా తప్పు కాదు. ఆ కెప్టెన్‌కి కాదనే అధికారం ఉంది, కానీ ఆయన స్థానంలో నేనుంటే ఆ పెద్దాయన్ని ఎక్కించుకునేవాణ్ణి. వాట్సాప్ మెసేజ్ మాత్రం పూర్తిగా తప్పు, దానికి నువ్వు లైక్ కూడా కొట్టకు. ఎందుకంటున్నానో ఇప్పుడు చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ సీటు ఎవరిదో తెలియాలి. విమానం కంపెనీది, కాబట్టి సీటూ కంపెనీదే. కాక్‌పిట్‌లోకి ఎవరు రావచ్చో ఫెడరల్ నిబంధన, 121.547, చెప్తుంది. ఆ అర్హత ఉన్నవాళ్ళలో ఎవరిని రానివ్వాలో, ఎవరిని వద్దనాలో కెప్టెన్ ఇష్టం. కంపెనీలు ఒకదానితో ఒకటి ఒప్పందాలు చేసుకున్నాయి: మీ పైలట్లని మేము తీసుకెళ్తాం, మా పైలట్లని మీరు తీసుకెళ్ళండి అని. ఆ ఒప్పందాల వెనక దశాబ్దాల పాటు యూనియన్లలో కూర్చుని ఫోన్లు చేసిన, ఉత్తరాలు రాసిన పైలట్లు ఉన్నారు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత వేరే కంపెనీ కాక్‌పిట్‌లో కూర్చోవడం ఆగిపోయింది. తర్వాత క్యాస్ అనే వ్యవస్థ వచ్చాకే మళ్ళీ మొదలైంది. గేట్ ఏజెంట్ నీ వివరాలు కొట్టగానే, ఈ మనిషి నిజంగా ఆ కంపెనీలో పైలటేనా అని సరిచూసి, నీ ఫొటో చూపించేది అదే. ఆ వ్యవస్థ రాకముందు కొన్నేళ్ళు ఇల్లు చేరడం ఎంత కష్టమయ్యేదో నాకు బాగా గుర్తు. అప్పుడే పుట్టిన కూతుర్ని చూడ్డానికి రెండు విమానాలు మారి, క్యాబిన్లో సీటు దొరక్క, మూడో రోజు వెళ్ళాను.

ఇది సౌకర్యం మాత్రమే అనుకోకు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ 3407 కూలిన సంగతి నీకు తెలుసు, నువ్వు ఎగిరిన గంటలు 1500 నిండేదాకా ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచెయ్యాల్సి రావడానికి మూలం అదే ప్రమాదం. 50 మంది పోయారు. ఆ విమానం ఫస్ట్ ఆఫీసర్ సియాటిల్ నుంచి ఫెడెక్స్ జంప్‌సీట్ల మీద రాత్రంతా ప్రయాణం చేసి, మెంఫిస్ మీదుగా నెవార్క్ చేరింది, నీ బేస్‌కే. కమ్యూట్ చేసే (ఒక ఊళ్ళో ఉంటూ ఇంకో ఊళ్ళో డ్యూటీకి వెళ్ళే) పైలట్‌ ఎక్కడ, ఎంతసేపు పడుకున్నాడన్నది మర్నాడు వెనక కూర్చున్న ప్రయాణికుల ప్రాణానికి సంబంధించిన విషయం. గేటు దగ్గర వదిలేసిన పైలట్ మాయమైపోడు. క్రూ రూంలో రిక్లైనర్ మీద పడుకుంటాడు, లేదా ఇంకో మూడు గంటలు ఇంకో గేటు దగ్గర నిలబడతాడు.

ఇక మర్యాద సంగతి. మన ఊళ్ళల్లో ఇంటి ముందు అరుగుండేది. దారినపోయే ఎవరైనా కూర్చోవచ్చు, కానీ ఇంటాయన కనపడితే "కాసేపు కూర్చుంటాం" అని ఒక మాట అనడం పద్ధతి. జంప్‌సీట్ అలాంటిదే. నీ పేరు సిస్టంలో ఉంది, ఏజెంట్ స్లిప్ ఇచ్చింది, అయినా సరే కాక్‌పిట్ తలుపు దగ్గర ఆగి, "కెప్టెన్, మీతో రావచ్చా?" అని అడుగు. "నేను మీ జంప్‌సీటర్‌ని" అని చెప్పడం వేరు, "రావచ్చా" అని అడగడం వేరు. క్యాబిన్లో సీటు దొరికినా ముందుకెళ్ళి అడుగు, ఆయన అనుమతి మీదే నువ్వు ఆ విమానంలో ఉన్నావు. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే. క్యాబిన్ సీటు చేతికి రాగానే నేరుగా 23వ వరుసకి వెళ్ళి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారు. ఆ కెప్టెన్‌కి ఆ కంపెనీ కుర్రాళ్ళందరి మీదా చెడ్డ అభిప్రాయం పడిపోతుంది.

వాళ్ళు చెక్‌లిస్ట్ చదువుతుంటేనో, బ్రీఫింగ్‌లో ఉంటేనో మధ్యలో దూరకు. గ్యాలీలో, ఫ్లైట్ అటెండెంట్లకి అడ్డం రాకుండా నిలబడు, పైలట్లు నీ వైపు తల తిప్పాక పలకరించు. ఐడీ, లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్ చేతిలోనే ఉండాలి, అడిగాక బ్యాగులో వెతకడం మొదలుపెట్టకూడదు. యూనిఫాంలో లేకపోతే కనీసం కాలర్ చొక్కా, మంచి ప్యాంటు. గేట్ ఏజెంట్‌తో మర్యాదగా ఉండు. విమానం ఆలస్యమై, అరవై మంది ఆవిడ మీద అరుస్తున్నప్పుడు నువ్వు వెళ్ళి "నా జంప్‌సీట్ ఏమైంది" అని అడగకు. కనిపించే చోట నిలబడితే ఆవిడే చూస్తుంది. నేను చాక్లెట్ ప్యాకెట్లు రెండు తీసుకెళ్తాను, ఒకటి ఏజెంట్‌కి, ఒకటి ఫ్లైట్ అటెండెంట్లకి. దీపావళి రోజుల్లో మా ఆవిడ చేసిన కజ్జికాయలు కూడా తీసుకెళ్ళాను, డెన్వర్‌లో ఒక ఏజెంట్ రెండేళ్ళ తర్వాత కూడా వాటి గురించి అడిగింది.

లోపల కూర్చున్నాక నువ్వు ప్రయాణికుడివి కావు. ఆక్సిజన్ మాస్క్ ఎక్కడుందో, ఏ కిటికీ గుండా బయటపడాలో చెప్తారు, వెయ్యిసార్లు విన్నదైనా శ్రద్ధగా విను. హెడ్‌సెట్ పెట్టుకో. పది వేల అడుగుల లోపు ఒక్క మాట కూడా వద్దు, అది 1981 నుంచి ఉన్న స్టెరైల్ కాక్‌పిట్ నిబంధన. ప్రమాదం కనిపిస్తే మాత్రం వెంటనే చెప్పాలి. పుస్తకం తీస్తే అడిగి తియ్యి, కునుకు వస్తే ముందే చెప్పు. క్యాబిన్లో కూర్చున్నా సరే మందు ముట్టకు. విమానం నుంచి దిగేటప్పుడు ఇద్దరికీ థాంక్స్ చెప్పి దిగు. మీ కంపెనీలో ఇలా కాదు, మేము ఫ్లాప్స్ ఇంకోలా వేస్తాం అని పాఠాలు చెప్పకు.

బరువు సమస్య వచ్చినప్పుడు కెప్టెన్ మనసు తెలుస్తుంది. టెక్సస్ ఎండల్లో విమానం బరువెక్కిపోయి, ఒక జంప్‌సీటర్‌ని దింపెయ్యాలని లోడ్ షీట్ చెప్తుంది. కొందరు అక్కడితో ఆపేస్తారు. ఫ్లైట్ ప్లాన్ వేసే డిస్పాచర్‌కి ఫోన్ చేసి, ఆల్టర్నేట్ (అవసరమైతే దిగే రెండో విమానాశ్రయం) దగ్గరది పెట్టొచ్చా, అదనపు ఇంధనం కొంచెం తగ్గించొచ్చా అని అడిగే కెప్టెన్లు ఇంకొందరు. మా మొదటి కెప్టెన్ ఒకాయన జంప్‌సీటర్ కోసం నాలుగు నిమిషాల ఫోన్ కాల్ చెయ్యనివాడు కెప్టెన్ కాదు అనేవాడు. నేను ఇప్పటిదాకా ఆ ఫోన్ చెయ్యకుండా ఎవరినీ దింపలేదు.

మరి కెప్టెన్‌కి కారణం చెప్పకుండా కాదనే అధికారం ఎందుకుండాలి? ఉండాలి, తప్పకుండా ఉండాలి. 1994 ఏప్రిల్‌లో మెంఫిస్‌లో ఫెడెక్స్ 705 జంప్‌సీట్ ఎక్కింది ఆ కంపెనీ ఉద్యోగే. క్రమశిక్షణ విచారణ ఎదుర్కొంటున్న ఫ్లైట్ ఇంజినీర్. గిటార్ పెట్టెలో సుత్తులు, చేపల్ని వేటాడే స్పియర్‌గన్ తెచ్చాడు. తలలు పగిలినా ముగ్గురు క్రూ పోరాడి విమానాన్ని వెనక్కి తెచ్చి దింపారు. 2023 అక్టోబర్‌లో ఎవరెట్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న హొరైజన్ విమానంలో జంప్‌సీట్ మీద ఉన్న పైలట్ ఇంజిన్లని ఆపేసే ఫైర్ హ్యాండిళ్ళు లాగబోయాడు, క్రూ ఆపి పోర్ట్‌ల్యాండ్‌లో దింపారు. గేటు దగ్గర ఒక మనిషి కళ్ళల్లో ఏదో తేడాగా కనిపిస్తే, ఎవరికీ వివరణ ఇవ్వకుండా "ఈ రోజు వద్దు" అనగలిగే హక్కు కెప్టెన్‌కి ఉండి తీరాలి. ఆ హక్కును పాత పగలకి, యూనియన్ గొడవలకి వాడడం నాకు నచ్చనిది అందుకే. "కెప్టెన్ వద్దన్నాడు" అనే మాట వింటే అందరికీ భద్రత గుర్తుకు రావాలి. ఇదేదో పాత కక్ష అయి ఉంటుంది అని ఏజెంట్లూ కంపెనీలూ అనుకోవడం మొదలుపెడితే, నిజంగా భయపడి వద్దన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు.

మంచి వైపు కూడా చూడు. 2018 అక్టోబర్ 28న బాలి నుంచి జకార్తా వెళ్తున్న లయన్ ఎయిర్ 737 మ్యాక్స్ ముక్కు మాటిమాటికీ కిందికి వంగుతుంటే, కాక్‌పిట్‌లో జంప్‌సీట్ మీద ఉన్న మూడో పైలట్ విమానం కిందికి దూకుతోందని గమనించి చెప్పాడు. క్రూ ముక్కుని కిందికి వంచుతున్న ట్రిమ్ స్విచ్‌లు ఆపేసి క్షేమంగా చేరారు. మర్నాడు అదే విమానం, ఆ మూడో మనిషి లేకుండా, సముద్రంలో పడి 189 మంది పోయారు. వెనక ఇంకో జత కళ్ళుంటే నాకు ధైర్యం. ఆ కళ్ళు ఏ యూనియన్ సభ్యుడివైనా నాకు ఒకటే.

ఇప్పుడు ఆ పెద్దాయన సంగతి. ఆయన్ని పంపేసిన కెప్టెన్‌ని నువ్వు తిట్టుకోక ముందు ఆ గాయం ఎక్కడిదో తెలుసుకోవాలి. సమ్మె ద్రోహిని ఇక్కడ స్కాబ్ అంటారు. పుండు మీద కట్టే పొక్కుకి ఉన్న పేరే అది. పైలట్ల లోకంలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. 1983 సెప్టెంబర్‌లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ యజమాని ఫ్రాంక్ లొరెంజో కంపెనీని దివాలా కోర్టులో వేసి, యూనియన్ ఒప్పందాలు చెల్లవన్నాడు. జీతాలు దాదాపు సగానికి కోసి, మళ్ళీ విమానాలు నడిపాడు. అక్టోబర్ 1 నుంచి పైలట్లు సమ్మె చేశారు, 1985 దాకా, రెండేళ్ళు. ఇళ్ళు పోయాయి, కాపురాలు పోయాయి. ఆ రెండేళ్ళూ విమానాలు ఎగిరాయి, ఎందుకంటే లైన్ దాటినవాళ్ళు నడిపారు. దివాలా పేరుతో ఒప్పందాలు అంత సులువుగా చించెయ్యకుండా 1984లో కాంగ్రెస్ చట్టం మార్చింది, కాంటినెంటల్ వాళ్ళకి మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది.

1985లో యునైటెడ్‌ ఎయిర్‌లైన్స్ పైలట్ల సమ్మె 29 రోజులు జరిగింది. గొడవ కొత్తగా చేరేవాళ్ళకి తక్కువ జీతం అనే రెండు స్కేళ్ళ మీద. అప్పుడు శిక్షణలో ఉన్న కొత్త పైలట్లు దాదాపు 570 మంది. సీనియారిటీ నంబరు కూడా ఇంకా చేతికి రానివాళ్ళు, కంపెనీ పిలిచినా పనికి వెళ్ళలేదు. పాతవాళ్ళు తమ కోసమే సమ్మె చేస్తున్నారని వాళ్ళకి తెలుసు. ఆ 570 మందిని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పోగొట్టుకోవడానికి ఉన్న ఒకే ఒక్క ఉద్యోగాన్ని పణంగా పెట్టిన పాతికేళ్ళ పిల్లలు.

ఆ తర్వాత ఈస్టర్న్. అప్పటికి అది కూడా లొరెంజో చేతికి వచ్చింది. 1989 మార్చి 4న మెకానిక్కులు సమ్మెకి దిగితే పైలట్లు ఎక్కువమంది వాళ్ళకి తోడుగా ఆగిపోయారు. నవంబర్‌లో పైలట్లు విరమించేసరికి వాళ్ళ సీట్లలో వేరేవాళ్ళు ఉన్నారు. 1991 జనవరిలో కంపెనీయే మూతపడింది. దాటినవాళ్ళకీ ఉద్యోగం మిగల్లేదు, దాటనివాళ్ళకీ మిగల్లేదు. మిగిలింది దాటినవాళ్ళ పేర్ల లిస్టు మాత్రం. అలాంటి లిస్టులు వేసుకోవడం ఇక్కడ నేరం కాదు. పోస్ట్‌మేన్ల యూనియన్ కేసులో 1974లో సుప్రీంకోర్టు, స్కాబ్ అని రాయడం కార్మిక వివాదంలో భాగమే, పరువునష్టం కింద రాదు అని చెప్పింది.

లెక్క చూడు. 1983లో పాతికేళ్ళవాడికి 2023లో 65 నిండాయి, ఎయిర్‌లైన్ పైలట్‌కి అదే పదవీ విరమణ వయసు. అంటే కాంటినెంటల్ కాలం వాళ్ళు దాదాపు అందరూ దిగిపోయారు. నువ్వు చూసిన పెద్దాయన 1989లో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడై ఉంటాడు. ఈస్టర్న్‌లో ఖాళీ సీట్లు నింపడానికి అప్పుడు కొత్తవాళ్ళని తీసుకున్నారు. అప్పుచేసి గంటలు కూడబెట్టి, ఎవరూ తీసుకోని రోజుల్లో ఒక జెట్ కంపెనీ పిలిస్తే వెళ్ళి ఉంటాడు. అది తప్పు కాదని నేను అనను. తప్పే. ఇరవై రెండేళ్ళకి పికెట్ లైన్ అంటే ఏమిటో తెలియదా అంటే తెలుస్తుంది, ఆ 570 మందికి తెలిసింది. కానీ ముప్పై ఐదేళ్ళ తర్వాత ఒక గురువారం రాత్రి అతను నెవార్క్‌లో ఆగిపోతే ఆ సమ్మెలో ఎవరికి న్యాయం జరిగింది?

మా పెదనాన్న కొడుకు జగిత్యాల వైపు ఆర్టీసీ డ్రైవర్. 2019లో 52 రోజుల సమ్మె చేశాడు. అదే ఊరి కుర్రాడు తాత్కాలిక డ్రైవరుగా బస్సెక్కాడు. అన్నయ్య ఇంట్లో ఆ రెండు నెలలూ జీతం లేదు, వదిన పుస్తెలతాడు కుదువ పెట్టింది. ఈ రోజుకీ ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే అన్నయ్య తల తిప్పేస్తాడు. తర్వాత రెండేళ్ళకి ఆ కుర్రాడి తండ్రి పోతే, పాడె మోసిన నలుగురిలో అన్నయ్య ఒకడు. ఫోన్లో అడిగాను, ఎలా వెళ్ళావని. "అది వేరే, ఇది వేరేరా" అన్నాడు. నాకు అర్థమైంది, ఎందుకంటే అంతకు చాలా ముందే ఇక్కడ అదే చూశాను.

2008 ప్రాంతం, నేనింకా ఫస్ట్ ఆఫీసర్‌ని. మా కెప్టెన్ 83లో కాంటినెంటల్ సమ్మెలో రోడ్డెక్కి, ఇల్లు పోగొట్టుకుని, పదేళ్ళ తర్వాత మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టినవాడు. ఒకతను జంప్‌సీట్ అడగడానికి వచ్చాడు. కెప్టెన్ లైసెన్స్ తీసుకుని పేరు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఊపిరి బిగబట్టాను. తిరిగి ఇచ్చేసి, "కూర్చో, మాస్క్ అక్కడుంది, ఆ కిటికీ తెరుచుకుంటుంది" అన్నాడు, అంతే. నాలుగు గంటల ప్రయాణంలో అతనితో ఇంకొక్క మాట లేదు. దిగేటప్పుడు అతను చెయ్యి చాపితే కెప్టెన్ లాగ్‌బుక్ రాస్తూ ఉండిపోయాడు. రాత్రి హోటల్ షటిల్‌లో నాతో అన్నాడు: "చెయ్యి కలపను. టేబుల్ దగ్గర కూర్చోనివ్వను. గేటు దగ్గర మాత్రం వదలను." చెయ్యి కలపకపోవడం ఆయన హక్కు. అందులో నేను తప్పు పట్టను, నువ్వూ పట్టకు. ఆయనలా రెండేళ్ళు రోడ్డున నిలబడిన మనిషి సీటు కూడా ఇవ్వనంటే, నేను ఆ మనిషికి నీతులు చెప్పను. ఆ రోజుల్లో బడికి కూడా వెళ్ళని కెప్టెన్ లిస్టు చూసి తలుపెయ్యడం మాత్రం నాకు నచ్చదు. తను పడని కష్టానికి తను పగ తీర్చుకున్నట్టు ఉంటుంది. నిన్ను ఎక్కించుకున్నాయన ఎవరో, ఆ రోజుల్లో ఎక్కడున్నాడో నువ్వు రాయలేదు. ఆయన గురించి తీర్పు చెప్పకు, ఆయన పేరు ఎక్కడా పెట్టకు.

ఆయన కాక్‌పిట్‌లో నువ్వు వాదించకపోవడం కూడా సరైనదే. జంప్‌సీటర్ కెప్టెన్‌తో యూనియన్ సంగతులు వాదించకూడదు, ముఖ్యంగా విమానం గాలిలో ఉన్నప్పుడు.

ఇక వాట్సాప్ విషయం. పైదీ ఇదీ ఒకటే అని నీ గ్రూపులో వాళ్ళు అనుకుంటున్నారు, కాదు. సమ్మె ద్రోహి అంటే మిగతావాళ్ళు ఆకలితో ఉన్నప్పుడు వాళ్ళ సీటులో కూర్చున్నవాడు. విలీనంలో అవతలివాడు చేసిన పాపం ఏమిటి? వేరే కంపెనీలో వేరే తేదీన చేరడం, అంతేగా. విలీనం జరిగితే రెండు సీనియారిటీ లిస్టులు ఒకటవుతాయి, నీ నంబరు మారుతుంది. ఏ విమానం నడుపుతావు, ఏ బేస్‌లో ఉంటావు, పండక్కి ఇంట్లో ఉంటావా, ఫర్లోలో (పని లేక కంపెనీ ఇంటికి పంపేస్తే) ముందు ఎవరు పోతారు, అన్నీ ఆ నంబరే. అందుకే టెన్షన్. నాకు అర్థమవుతుంది, నేనూ ఒక విలీనం దాటాను.

2001లో టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్‌ని అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో సగానికి పైగా లిస్టు అడుగుకి వెళ్ళారు, తర్వాత ఫర్లోలు వచ్చి రోడ్డున పడ్డారు. తమని సరిగా కాపాడలేదని వాళ్ళు సొంత యూనియన్ ఆల్పా మీదే దావా వేసి 2011లో న్యూజెర్సీ జ్యూరీ ముందు గెలిచారు. ఆ అన్యాయం వల్లే 2007 చివర్లో మెకాస్కిల్-బాండ్ చట్టం వచ్చింది. లిస్టులు న్యాయంగా కలపాలి, తేలకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాలి అని. మీకు ఆ రక్షణ ఉంది.

యూఎస్ ఎయిర్‌వేస్ (తూర్పువాళ్ళు), అమెరికా వెస్ట్ (పడమటివాళ్ళు) 2005లో కలిశాయి. 2007లో మధ్యవర్తి నికొలావ్ లిస్టు ఇచ్చాడు. అందులో, పదిహేనేళ్ళకు పైగా సీనియారిటీ ఉండి ఫర్లోలో ఉన్న తూర్పు పైలట్, నెలల కిందట చేరిన పడమటి పైలట్ కన్నా కింద పడ్డాడు. తూర్పువాళ్ళు ఎక్కువమంది. 2008లో ఓటు వేసి ఆల్పాని బయటికి పంపి, కొత్త యూనియన్ పెట్టుకుని, ఆ లిస్టు అమలు కాకుండా ఆపారు. పడమటివాళ్ళు కోర్టుకెక్కారు. అమెరికన్‌తో ఇంకో విలీనం జరిగాక, 2016లో గానీ అందరికీ కలిపి ఒక లిస్టు రాలేదు. పదేళ్ళకు పైగా ఒకే రంగు విమానాలు నడుపుతూ ఒకరినొకరు పరాయివాళ్ళలా చూసుకున్నారు. ఆ పదేళ్ళలో జీతాలు పెంచమని అడిగే బలం ఎవరికీ లేకపోయింది. లాభపడింది యాజమాన్యం.

మా విలీనం అప్పుడు నేను జంప్‌సీట్ కమిటీలో ఉన్నాను. ఒక కెప్టెన్ అవతలి కంపెనీ కుర్రాణ్ణి దింపేశాడు. మర్నాడు అటు నుంచి ముగ్గుర్ని దింపారు. వారం తిరిగేసరికి నా ఫోన్ రాత్రి రెండింటికి మోగేది. నాకు మర్చిపోలేనిది ఒక అమ్మాయి ఫోన్. తండ్రికి మర్నాడు పొద్దున గుండె ఆపరేషన్, షార్లెట్‌లో ఆఖరి విమానం, జంప్‌సీట్ ఖాళీ, కెప్టెన్ ఆమె ఐడీ చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ అమ్మాయి రెండు కంపెనీల్లో దేనికీ చెందింది కాదు, మూడో కంపెనీ రీజినల్ పైలట్. ఐడీ మీద ఉన్న రంగు చూసి పొరబడ్డాడు. ఆపరేషన్ అయిపోయాక ఎప్పటికో చేరింది. ఆ కెప్టెన్‌కి నేను ఫోన్ చేసి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమె నంబరు అడిగాడు, క్షమాపణ చెప్పడానికి. ఆమె ఇవ్వొద్దంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. 1999 ఫిబ్రవరిలో రెనో ఎయిర్ కొనుగోలు గొడవలో అమెరికన్ పైలట్లు గుంపుగా సిక్ లీవు పెట్టారు. కోర్టు ఆపమంది, వెంటనే ఆగలేదు, యూనియన్ మీద దాదాపు 4.5 కోట్ల డాలర్లు పడ్డాయి. నీ గ్రూపులో ఉన్న మెసేజ్ ఒక పిలుపు. స్క్రీన్‌షాట్ తియ్యడానికి ఎంతసేపు? దాన్ని కంపెనీ లాయర్లు కోర్టులో పెడితే, మీ యూనియన్ బేరాలాడే సమయంలో దాని చేతులు కట్టేసినవాళ్ళు మీరే అవుతారు. యూనియన్ మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళు మీటింగులకి రండి, సర్వేలు నింపండి, ఇన్ఫర్మేషనల్ పికెటింగ్‌కి (సమ్మె కాదు, ప్లకార్డులతో చేసే నిరసన) ఎండలో నిలబడండి, సీనియారిటీ లిస్టు కమిటీకి సాక్ష్యాలు వెతికి పెట్టండి. కమిటీలో పనిచేసినన్నాళ్ళూ ఇలాంటి పనికి మనుషులు దొరకడం ఎంత కష్టమో చూశాను.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది: గ్రూపులో గొడవ పడకు. మీ యూనియన్‌లో జంప్‌సీట్ కోఆర్డినేటర్ ఉంటాడు, ఆ మెసేజ్ సంగతి అతనికి ఫోన్లో చెప్పు, పేర్లు అవసరం లేదు. ఇలాంటివి పెద్దవాళ్ళు ఒక ఫోన్‌తో ఆపగలరు, మొదటి వారంలోనైతే. నిన్ను ఎవరైనా కాదంటే గేటు దగ్గర మొహం మాడ్చకు, "థాంక్యూ కెప్టెన్" అని వచ్చెయ్యి, తర్వాత తేదీ, ఫ్లైట్ నంబరు కోఆర్డినేటర్‌కి ఇవ్వు. సోషల్ మీడియాలో మాత్రం పెట్టకు. ఆఖరి విమానాన్ని నమ్ముకోకు, ముందు రెండు విమానాలు వదులుకోగలిగేటట్టు బయల్దేరు. పొద్దున డ్యూటీ ఉంటే ముందు రాత్రే నెవార్క్ చేరి క్రాష్‌ప్యాడ్‌లో (పైలట్లు కలిసి అద్దెకి తీసుకునే గదిలో) పడుకో. అలసిపోతే పనికి తగనని చెప్పాల్సిన బాధ్యత, పైలట్ల విశ్రాంతి గురించిన 117 నిబంధన నీ మీదే పెట్టింది.

ఆ పెద్దాయన మళ్ళీ కనపడతాడు, ఒకే రూటులో కమ్యూట్ చేసేవాళ్ళు కనపడకుండా ఉండరు. గేటు దగ్గర జంప్‌సీట్ అడిగినవాళ్ళ లిస్టులో నీ పేరు ముందుంటే సీటు నీదే, త్యాగాలు చెయ్యక్కర్లేదు. సమ్మె సంగతి నువ్వు ఎత్తకు, ఆయన ఎత్తితే విను. పక్కన నిలబడి, ఆ రాత్రి ఎన్ని గంటలకి ఇల్లు చేరారు సార్ అని అడుగు.